తప్పు పడ్డ చుక్క

జగన్నాధం దొంగ. దొంగిలించింది కెమెరా కాదు, పొలం కాదు, ఒక ఆడమనిషి చేతిపని. ముప్ఫయ్యేళ్ళుగా దాని మీద తన పేరు వేసుకుని తిరుగుతున్నాడు. కూర్మయ్య దృష్టిలో ఇది వాదించే విషయం కాదు. చిలకపాలెం జంక్షన్లో బస్సు ఆగుతుందన్నంత మామూలు నిజం.

పోయిన వారం కూర్మయ్యను ఆ జంక్షన్లోనే విజయనగరం బస్సు ఎక్కించి వదిలాం. అది చదవని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఒకప్పుడు అతనికి అక్కడ ఫోటో స్టూడియో ఉండేది. అతను ఫోటోలు తీసేవాడు, భార్య తాయారు వాటికి టచింగ్ చేసేది. సన్నటి కుంచెతో మచ్చలు మాపడం, చెదిరిన జుట్టు సర్దడం ఆమె పని. ఆ రోజుల్లో బతికుండగా ఒక్క ఫోటోకీ నోచుకోని మనిషి పోతే, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయించుకునేవారు. ప్రింటులో ఆ మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు వేయడం కూడా టచింగే. ఆ పనిలో తాయారుకు రెండు జిల్లాల్లో సాటి లేదు. ఎనభై ఆరులో బుడగట్లపాలెంలో జ్వరంతో పోయిన అమ్మడు అనే బెస్త పడుచుకు అలాగే కళ్ళు వేసింది. ఆ ఫోటో తీసినవాడు అప్పట్లో పత్రికకు పనిచేస్తున్న జగన్నాధం. కళ్ళు వేసిన ప్రింటును మళ్ళీ తన కెమెరాతో తీసుకుని పట్టుకుపోయాడు. దానికి 'చూపు' అని పేరు పెట్టాడు. ఢిల్లీలో బహుమతి వచ్చింది, పేరొచ్చింది, ఆ పేరుతోనే ముసలివాడయ్యాడు. శవం మాట గానీ తాయారు మాట గానీ ఎక్కడా ఎత్తలేదు. తాయారు తొంభైలో పోయింది. ఇప్పుడు, రెండు వేల పదిహేడు ఫిబ్రవరిలో, తన జీవితకాలపు ఫోటోల ప్రదర్శనకు రమ్మని కూర్మయ్యకు కార్డు పంపాడు. మైకు ముందు నిలబడి, ఆ కళ్ళు నా భార్య వేసినవి అని చెప్పి రావడానికి కూర్మయ్య బయలుదేరాడు.

హాలు కోట వెనక వీధిలో ఉంది. మధ్యాహ్నం మూడైంది. గుమ్మంలో కూర్మయ్య చెప్పులు విప్పబోతే హరిబాబు వద్దన్నాడు. కాలేజీలో తెలుగు చెప్పే మనిషి, ఈ ఏర్పాట్లన్నీ ఇతనివే.

"ఇదేం గుడి కాదండీ."

కూర్మయ్య జేబులోంచి కార్డు తీసి చూపించాడు. దాని మీద జగన్నాధం పేరు ముందు 'కాంతి ఉపాసకుడు' అని అచ్చేసి ఉంది.

"గుడే అనుకున్నాను" అన్నాడు.

హరిబాబు నవ్వాలో వద్దో తేల్చుకునేలోపు చెప్పులతోనే లోపలికి వెళ్ళిపోయాడు.

మొదటి గోడ మీద రామతీర్థం. కొండ రాతి మీద ఇద్దరు ఆడవాళ్ళు తడిచీర చెరో కొసా పట్టుకుని ఆరబెడుతున్నారు. వాళ్ళ మొహాలు కనపడవు. చీర వెనక నుంచి ఎండ. చీర మీద ఒక పసిపిల్ల నీడ. పిల్ల ఫోటోలో ఎక్కడా లేదు, నీడే ఉంది. కూర్మయ్య తప్పు వెతికాడు. కొండ మీద గాలికి చీర ఊగాలి, ఊగితే నీడ చెదరాలి. చెదరలేదు. అంటే గాలి ఆగేదాకా వీడు కదలకుండా నిలబడ్డాడు. అది ఎంతసేపో ఫోటోలు తీసినవాడికి తప్ప తెలీదు.

పక్కన గరివిడి. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన పనివాళ్ళు కుళాయి చుట్టూ ఉన్నారు. అందరూ మసి. ఒకడు నోరు పుక్కిలించి ఊస్తున్నాడు. ఆ నీటి ధార ఒక్కటే ఫోటో మొత్తంలో తెలుపు. ఆ తరవాత సముద్రపొడ్డు. వల లాగుతున్న పద్దెనిమిది పాదాలు, ఒక తాడు, అంతే. తాడు బరువంతా ఇసకలో దిగిన కాలివేళ్ళ దగ్గర తెలుస్తోంది. కూర్మయ్య తన స్టూడియోలో వేలకు వేల మొహాలు తీశాడు. కాలివేళ్ళు తీయొచ్చని ఒక్కనాడూ తోచలేదు. ఆ సంగతి ఇప్పుడు ఇక్కడ నిలబడి ఒప్పుకోవాల్సి రావడం అతనికి గిట్టలేదు. దొంగ పనిమంతుడు కూడా అయితే అంతకన్నా చిరాకు ఇంకొకటి ఉండదు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కూర్చోమని ఎవరో కుర్చీ చూపించినా కూర్చోలేదు.

నాలుగో గోడంతా ఒక్కటే ఫోటో, తలుపంత పెద్దది. 'చూపు'.

అమ్మడు కుర్చీలో కూర్చుని ఉంది. ఆవేళ వసారాలో కూర్చోబెట్టారు. కుడి పక్క నుంచి సముద్రపు వెలుగు చెంప మీద పడుతోంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. రెండు కంటిపాపల్లోనూ తెల్లటి చుక్క, ఎడమ పక్కన.

ఆ చుక్కే కంటికి ప్రాణం. అది పెట్టకపోతే ఎంత బాగా వేసినా బొమ్మకళ్ళే. వెలుగు ఎటు నుంచి వస్తే చుక్క అటే పడాలి. టచింగ్ నేర్చుకునే వాళ్ళకు మొదటి రోజు చెప్పే మాట ఇది. తాయారు వందల కళ్ళు వేసింది, ఏనాడూ తప్పలేదు. ఈ ఒక్క ఫోటోకే తప్పింది. ఆవేళ డార్క్‌రూమ్‌లోంచి వచ్చి చూసి కూర్మయ్య తిట్టాడు.

"ఎలుగు కుడేపుంటే సుక్క ఎడమేపు పెట్టినావు. కళ్ళు నీకున్నాయా, పోనాయా?"

తాయారు ఒక మాటకు రెండు మాటలు అనే మనిషి. ఆవేళ కుంచె కడుక్కుంటూ ఊరుకుంది. దిద్దించేలోపు జగన్నాధం ప్రింటు తీసుకుపోయాడు.

ఇప్పుడు ఆ ఫోటో ముందు పదిమంది కాలేజీ పిల్లలకు హరిబాబు వివరిస్తున్నాడు. "వెలుగు ఒక పక్క నుంచి వస్తోంది, ఆమె కళ్ళు మెరుస్తున్నది ఇంకో పక్క. గమనించారా? మనకు కనిపించని వెలుగును ఆమె చూస్తోంది. ఈ ఫోటో గొప్పతనమంతా ఆ చుక్కలోనే ఉంది."

"అది తప్పండీ" అన్నాడు కూర్మయ్య.

"ఏది?"

"ఆ సుక్క. తప్పు పడ్డాది."

హరిబాబు ఓపిగ్గా నవ్వాడు. "అలా అనిపించడమే దాని గొప్పతనం" అని పిల్లల్ని పక్క గోడకు తీసుకుపోయాడు.

వాళ్ళు కదిలాక వెనక నుంచి ఒకామె అంది, "బాబూ, కాస్త పక్కకి జరగండి. అడ్డొస్తన్నారు."

ముప్ఫయ్యేళ్ళుంటాయి. చేతిలో గుడ్డసంచి. ఫోటోకి ఆ చివరకు వెళ్ళి చూసింది, ఈ చివరకు వచ్చి చూసింది.

"ఎటెల్లినా నా ఏపే సూస్తన్నాది" అంది తృప్తిగా.

"ఎవులు?"

"ఇంకెవులు, మాయమ్మ. నా పేరు ఝాన్సీ. మాది బుడగట్లపాలెం. సికాకుళం బజార్లో ఎండుసేపలు అమ్ముతాను."

కూర్మయ్య పక్కకు జరిగాడు. జగన్నాధం వెంట తానూ వెళ్ళిన ఆ రోజు వసారాలో ఎవరి ఒడిలోనో ఎనిమిది నెలల పిల్ల ఏడవడం అతనికి జ్ఞాపకం ఉంది. ఆ పిల్ల పెరిగి పెద్దదై ఎక్కడో ఉంటుందని మాత్రం ఈ ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.

"నాకు మాయమ్మ తెల్దు. మా నాయినమ్మ పెంచినాది. ఈ ఫోటోయే మా ఇంట్లో చిన్నది ఉండీది. హుద్‌హుద్ తుపానుకి ఇల్లుతో పాటు అదీ ఎల్లిపోనాది. రెండేళ్ళు దాటిపోనాది మాయమ్మని సూసి." సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. "మా ఆయనతో తగువైతే ఎల్లి దాని ముందు కూకునీదాన్ని. మాయమ్మ సూసే సూపుకి సగం కోపం దిగిపోయీది. మిగతా సగం ఆయన్ని తిట్టి దించుకునీదాన్ని."

కూర్మయ్య మళ్ళీ ఆ చుక్క వైపే చూశాడు.

"మీరు ఫోటో బాబు తాలూకేటి?"

"కాదు. నానూ ఫోటోలు తీసీవోణ్ణి."

"అయితే మీకు తెలుస్తాది. కళ్ళు ఇంత బాగా పడాలంటే మనిసి మంచిదై ఉండాలి కదా?"

"ఎలుగు మంచిదై ఉండాలి."

ఆమె నవ్వింది. అతనికి అక్కడ నిలబడ బుద్ధి కాలేదు. బస్సులో చిలకపాలెం నుంచి వల్లె వేసుకుంటూ వచ్చిన మాటలు నాలుగే. ఆ నాలుగూ ఈ మనిషి వినేలా చెప్పాలంటే, నీ మీద పడిన ఆ చూపు నీ తల్లిది కాదు, నీ తల్లి అప్పటికే పోయింది అని చెప్పాలి. ఈమె వస్తుందని అతను అనుకోలేదు. అటూ ఇటూ నడిచాడు. నడుస్తూ తక్కిన ఫోటోలు చూశాడు.

మొదట పట్టలేదు. పొందూరు రాట్నం ముందు ముసలమ్మ. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడమనిషి. కల్లు గీసి తాటిచెట్టు దిగి గొంతు తడుపుకుంటున్న యాతోడు. మూడో మొహం దగ్గర ఆగాడు. వెనక్కి వచ్చి మొదటిది మళ్ళీ చూశాడు. ముసలమ్మకు వెలుగు కుడి నుంచి, కంట్లో చుక్క ఎడమన. జీడిపిక్కల ఆమెకు అంతే. యాతోడికీ అంతే. 'చూపు' తరవాత ముప్ఫయ్యేళ్ళలో తీసిన ప్రతి మొహానికీ చుక్క తప్పే పడింది. ఇవి కుంచెతో పెట్టినవి కావు, బతికున్న కళ్ళు. ఎలా చేశాడో కూర్మయ్యకు తెలుసు. ఎడమ పక్కన, కెమెరాకు కనపడకుండా, అద్దమో స్టీలు పళ్ళెమో ఎవరిచేతైనా పట్టించి వెలుగును కళ్ళలోకి కొట్టించాలి. అంటే జగన్నాధం ఊరూరా పళ్ళెం మోసుకుని తిరిగాడు. జగన్నాధం ముద్ర అని అందరూ చెప్పుకునేది ఇదే.

ఒక్క ఫోటో దొంగిలించాడని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కాదు. చెయ్యి మొత్తం దొంగిలించాడు.

వేదిక వెనక చిన్న గది. జగన్నాధం అక్కడ ఒక్కడే కుర్చీలో ఉన్నాడు. బట్టలకొట్టు వారి అబ్బాయిగా పుట్టి, కొట్టులో కూర్చోకుండా కెమెరా పట్టుకుని తిరిగినవాడు.  మోకాళ్ళ మీద ఒక కాగితం ఉంది.

"కూర్మయ్య బావా. రావనుకున్నాను."

"బావా లేదు, బామ్మర్దీ లేదు. పల్లెం ఎవులు పట్టుకునీవారు?"

జగన్నాధం తెల్లబోతాడనుకున్నాడు. తెల్లబోలేదు. ఎన్నాళ్ళుగానో ఆ ప్రశ్న కోసమే ఎదురు చూసినవాడిలా కాస్త తేలికపడ్డాడు.

"మొదట మా ఆవిడ. తరవాత ఎవరు దొరికితే వాళ్ళు. ఢిల్లీ వాళ్ళు కూడా పట్టలేదు బావా. చూసినవాడివి నువ్వొక్కడివే."

"తప్పుని ముప్పయ్యేళ్ళు నకలు కొట్టినావు."

"తప్పన్నవాడివి నువ్వు. నేను అనలేదు."

కూర్మయ్య కూర్చోలేదు. గదిలో నాలుగడుగులు వేస్తే గోడ వస్తోంది. వెనక్కి తిరిగితే మళ్ళీ గోడ.

జగన్నాధం కాగితం ఎత్తి చూపించాడు. "ఇవాళ మైకులో చెప్తాను. అందుకే పిలిచాను. ఆ మనిషి అప్పటికే పోయిందని, కళ్ళు నేను తీసినవి కావు, తాయారు వేసినవని. నా పనికి మూలం అదేనని. అంతా రాసుకున్నాను. నువ్వు పక్కన నిలబడు చాలు."

ముప్ఫయ్యేళ్ళుగా వినాలనుకున్న మాట ఇంత సులువుగా చేతికొచ్చింది. కూర్మయ్యకు సంతోషం రాలేదు. ఇది చెబితే హాలంతా చప్పట్లు కొడుతుంది, ఎవరికి కొడుతుంది? నిజం ఒప్పుకున్న గొప్పవాడికి. రేపు పత్రికలో ఇతని బొమ్మే వేస్తారు.

"బయట అమ్మడు కూతురుంది" అన్నాడు.

"తెలుసు. నేనే కబురు పెట్టాను. ఆమెకూ తెలియాలి కదా."

"తెలిస్తే నీకు నిద్దర పడతాది. దానికేటి పడతాది?"

జగన్నాధం కాగితం మడిచాడు, విప్పాడు.

"బావా, ఆ కళ్ళు ఎవరివో నీకు తెలుసా?"

"ఎవులివీ కావు. టచింగ్ కళ్ళు."

"నువ్వు డార్క్‌రూమ్‌లో ఉన్నావు. ప్రింటు కోసం స్టూడియోకి వచ్చిన అమ్మడు అత్తని, నీ కోడలి కళ్ళు ఎలాగుంటాయమ్మా అని తాయారు అడిగింది. ఆ ముసలామెకి ఏడుపే తప్ప మాట లేదు. తాయారు కాసేపు చూసింది. చూసి, గోడకున్న అద్దం తీసి ముందు పెట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చుంది."

కిటికీ తాయారు బల్లకు ఎడమ పక్కన. అద్దంలో తన కళ్ళలో పడిన కిటికీ వెలుగు ఎటు కనిపిస్తే అటే పెట్టింది. కూర్మయ్య బుర్రలో ఆ చుక్క దాని చోటికి వెళ్ళి కూర్చుంది. తప్పు కాదు. ఉన్నది ఉన్నట్టు వేసింది.

"నీకు చెప్పొద్దంది" అన్నాడు జగన్నాధం. "పోయిన మనిషికి తన కళ్ళిస్తే ఆయుష్షు తరుగుతుందని వాళ్ళ అమ్మ అనేదట. ఈయన వింటే కుంచె విరిచేస్తాడు అంది. నవ్వుతూనే అంది."

తాయారు ఆ కళ్ళు వేసింది ఎనభై ఆరు. పోయింది తొంభై. కూర్మయ్య ఆ రెండు అంకెల మధ్య నుంచి గబగబా బయటికి వచ్చేశాడు. కానీ వచ్చి నిలబడిన చోటు ఇంకా అధ్వానంగా ఉంది. తాయారుది ఇంట్లో ఒకే ఒక్క ఫోటో, పెళ్ళినాటిది. అందులో తల దించుకుని నేల చూస్తోంది. తెరిచిన ఆమె కళ్ళు లోకంలో ఉన్నది ఒక్క చోటే, ఆ నాలుగో గోడ మీద. పత్రికల్లో, క్యాలెండర్లలో ఆ ఫోటో ఎన్నిసార్లు చూశాడో. చూసిన ప్రతిసారీ చుక్క తప్పు అనుకున్నాడు. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి కళ్ళు, తాను పోల్చుకోలేదు. పరాయివాడు చెబితే తెలిసింది.

"నువ్వు సూస్తా కూకున్నావు."

"కూర్చున్నాను. గంట సేపు. నేను పని నేర్చుకున్నది ఆ గంటలోనే బావా. తరవాత నేర్చుకున్నదేమీ లేదు."

"ఆ గంట మాట మైకులో సెప్తావా?"

"చెప్తాను."

"సెప్పకు."

"మరి నువ్వు ఎందుకొచ్చావు?"

"సెప్పడానికే" అన్నాడు కూర్మయ్య. అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

హరిబాబు తలుపు తోసి పిలిచాడు. జనం వచ్చేశారు, మొదలుపెడదాం అన్నాడు. జగన్నాధం కాగితం పట్టుకుని లేచేసరికి ఆలస్యం అయింది. కాళ్ళు సహకరించవు. కూర్మయ్య ముందు నడిచాడు. వేదిక మీద రెండు కుర్చీలు, నడుమ మైకు. హాల్లో నూటయాభై మంది ఉంటారు. హరిబాబు నాలుగు మంచిమాటలు చెప్పి, "'చూపు' ఫోటో పుట్టిన రోజున అక్కడున్న మనిషి ఈయన. ఆ రోజు ఏం జరిగిందో ఆయన నోటనే విందాం" అన్నాడు.

కూర్మయ్య మైకు పట్టుకున్నాడు. ముందు తాను మాట్లాడితే జగన్నాధం నోరు ఎలాగైనా కట్టొచ్చని ఒక ఆలోచన. ఏం మాట్లాడాలో మాత్రం తెలీదు.

"నా పేరు కూర్మయ్య. నాది సిలకపాలెం. నా ఆడమనిసి పేరు తాయారు."

బస్సులో వల్లె వేసుకున్నది ఇక్కడిదాకా సరిగ్గానే వచ్చింది. తరవాతి మాట రావాల్సిన చోట అతను ఝాన్సీ కోసం వెతికాడు. ముందు వరసలో లేదు. గోడ దగ్గర, ఫోటో కింద అతికించిన చిన్న కార్డును వేలు పెట్టి చదువుతోంది. చదవడం అయ్యాక ఇటు తిరిగింది.

"బాబూ, ఒక్క మాట. ఈ కారుడు తప్పు రాసినారు."

హాల్లో తలలు అటు తిరిగాయి. ఆమె సిగ్గుపడలేదు. బజార్లో గొంతెత్తి అమ్ముకునే మనిషి.

"నాగుల సవితి ఉదయం, బుడగట్లపాలెం అని ఉన్నాది. మాయమ్మ సవితి ముందురోజు రేతిరి పోనాది. అందుకే మా ఇంట్లో ఆ పండగ నేదు. పుట్టలో పాలు పొయ్యం. పోయిన మనిసిని తెల్లారి ఎలగ ఫోటో తీసినారు? దిద్దించండి."

హరిబాబు కార్డు వైపు, జగన్నాధం వైపు మార్చి మార్చి చూశాడు.

"దిద్దిస్తారమ్మా" అన్నాడు కూర్మయ్య మైకులో. "రాసినోడికి పండగలు తెలీవు. కారుడు తప్పు."

"కార్డు తప్పు కాదు బావా" అన్నాడు వెనక నుంచి జగన్నాధం. మెల్లగానే అన్నాడు. కానీ మైకు కూర్మయ్య చేతిలో వదులుగా ఉంది, ఆ మాట హాలంతా వినపడింది.

ఝాన్సీ గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వేసింది. సంచి కింద పెట్టింది.

"కారుడు తప్పు కాకపోతే, మరి తప్పేటి?"

జగన్నాధం కాగితం విప్పుతున్న చప్పుడు కూర్మయ్యకు వీపు వెనక వినిపిస్తోంది. ఎదురుగా ఝాన్సీ. ఆమె తల పైన, గోడ మీద, తాయారు సూటిగా అతన్నే చూస్తోంది. ఒక్క క్షణం కంటే ఎక్కువ చూడలేకపోయాడు.

"అది నన్నడక్కు" అన్నాడు. "ఈయేల అడక్కు, రేపడక్కు. ఎవులూ అడక్కండి. ఈ ఫోటో మాట నా నోటంట ఇంక రాదు. సచ్చినా రాదు."